సంచుల కాపలా ఇంక నేను కాయను

పోయిన ఏడాది వేసవిలో మా అక్క వాళ్ళు ఎమ్మిగనూరు నుంచి ఒక పెద్ద అమ్యూజ్‌మెంట్ పార్కుకు పోయొచ్చారు. అక్క, బావ, ఇద్దరు మగపిల్లలు, బావ తమ్ముడి కుటుంబం, మొత్తం ఎనిమిది మంది. వచ్చిన మర్నాడే ఆదోని నుంచి ఫోన్ చేసి అడిగాను.

"ఎట్లుందక్కా? ఏమేం ఎక్కినావు?"

"నేనేం ఎక్కలేదే. సంచుల కాడ కూర్చున్నా."

"పొద్దంతానా?"

"మరి? ఫోన్లు, పర్సులు, మీ బావ కళ్ళద్దాలు, పిల్లల తడి బట్టలు, ఇవన్నీ ఎవరు చూస్తారు? చెప్పుల జతలే ఏడు ఉండె నా చుట్టూ. బాత్రూముకు పోదామన్నా ఎవరో ఒకరు వచ్చేదాకా ఆగాల్సొచ్చె."

నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక గిన్నెలు కడుగుతుంటే లెక్క గుర్తొచ్చింది. ఎనిమిది మందికి ఎనిమిది టికెట్లు కొన్నారు. అక్క టికెట్టుకు, బావ టికెట్టుకు ఒక్క రూపాయి తేడా లేదు. బెంచీ మీద కూర్చుందని అక్కకేం ధర తగ్గించలేదు. అంటే మా అక్క పూర్తి డబ్బు కట్టి, రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏడు జతల చెప్పులకు కాపలా కాసి ఇంటికొచ్చింది. వచ్చి అందరి తడి బట్టలు ఉతికింది.

ఈ ఏడాది మా వంతు వచ్చింది. మా ఇంట్లో ఇట్లాంటి చోటికి పోవడం ఇదే మొదటిసారి. ఆ ప్రయాణానికి ఏర్పాట్లు చేస్తూ చేస్తూ నాకు వచ్చిన కోపమే ఇది. నెమ్మదిగా చదవండి, తొందరేం లేదు. మీ ఇంట్లోనూ ఇట్లాగే ఉంటే మీకూ కోపం రావాలనే రాస్తున్నాను.

ముందు ఎక్కడికి పోతున్నామో చెప్తాను. పిల్లలు ఓటు వేసుకుని రెండు చోట్లు తేల్చారు. మొదటి రోజు రామోజీ ఫిల్మ్ సిటీ. 1996లో మొదలైంది, సుమారు 1,666 ఎకరాలు, ప్రపంచంలోనే అతి పెద్ద సినిమా స్టూడియో ప్రాంగణమని గిన్నిస్ వాళ్ళు గుర్తించారు. లోపలే సితార, తార లాంటి హోటళ్ళున్నాయి. బస్సుల్లో తిప్పి సెట్టింగులు, తోటలు, బాహుబలి సెట్టు అన్నీ చూపిస్తారు. రెండో రోజు రావిర్యాల దగ్గరి వండర్‌లా. 2016లో తెరిచారు, అక్కడ నీళ్ళ ఆటలూ, పెద్ద పెద్ద రైడ్లూ ఉంటాయి.

దారి కూడా నేనే చూశాను. ఆదోని నుంచి బయలుదేరి ఎమ్మిగనూరులో అక్క వాళ్ళను ఎక్కించుకుని కర్నూలు చేరితే సుమారు వంద కిలోమీటర్లు. అక్కడి నుంచి తుంగభద్ర దాటి హైవే మీద హైదరాబాదు వైపు ఇంకో రెండు వందల చిల్లర. ఊరి లోపలికి పోనక్కరలేదు. శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే రావిర్యాల, ఆ తర్వాత పెద్ద అంబర్‌పేట వస్తాయి. పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి విజయవాడ రోడ్డు పట్టుకుంటే ఫిల్మ్ సిటీ. రెండు చోట్లూ ఒకే దారిలో ఉన్నాయి కాబట్టి ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడుకుంటే సరిపోతుందని తేల్చింది నేనే. మేం ఐదుగురం, అక్క వాళ్ళు నలుగురు, మొత్తం తొమ్మిది మందిమి.

డబ్బు సంగతి కూడా దాచను. మా వీధిలో ఆడవాళ్ళం వేసుకున్న చీటీ ఇరవై నెలలు, నెలకు రెండు వేలు. ఆ నలభై వేలు నావి. పాల లెక్కలో, కూరగాయల లెక్కలో, బంధువులు చేతిలో పెట్టిన పండగ డబ్బుల్లో మిగిల్చినవి. అక్క తన వాటా జాకెట్లు కుట్టి కూడబెట్టింది. అంటే ఈ ప్రయాణానికి మొదటి పెట్టుబడి ఇద్దరు ఇల్లాళ్ళది.

ఒక ఆదివారం అందరం మా ఇంట్లో కూర్చున్నాం. మగవాళ్ళు రెండు విషయాలు తేల్చారు. ఒకటి తేదీ, రెండు బండి. మా ఆయనది పత్తి మార్కెట్లో పని. అక్టోబరు నుంచి సంక్రాంతి దాటేదాకా ఊపిరి తీసుకోవడానికి ఉండదు. బావది బట్టల కొట్టు, పెళ్ళిళ్ళ రోజుల్లో మూయలేడు. బడులు తెరిచేది జూన్ రెండో వారంలో. కాబట్టి జూన్ మొదటి వారం అన్నారు. సరే, న్యాయమే. బండికి డ్రైవరుతో మాట్లాడతామన్నారు. అదీ మంచిదే. ఆ తర్వాత బావ టీ గ్లాసు కింద పెట్టి, "ఇంక మిగతాది మీరు చూసుకోండి" అన్నాడు.

ఆ "మిగతాది" ఏమిటో ఆ రాత్రి కాగితం మీద రాసుకున్నాను. తొమ్మిది మంది బట్టలు, రెండు రోజులకు. తువ్వాళ్ళు. అత్త బీపీ మాత్రలు, చక్కెర మాత్రలు. మా వాడికి బస్సు పడదు, వాంతి మాత్రలు, కవర్లు, నిమ్మకాయలు. అక్క పెద్దకొడుకుకు కళ్ళద్దాల రెండో జత. అందరి ఆధార్ కార్డులు. దారిలో తినడానికి చిత్రాన్నం, చపాతీలు, పిల్లలకు బొరుగులు, అందరికీ నీళ్ళు. హోటల్లో ఏ గదిలో ఎవరు. ఇంటికి తాళం, చెట్లకు నీళ్ళు, పాలవాడికి చెప్పడం, పనామెకు చెప్పడం. వచ్చిన రోజు రాత్రికి ఇడ్లీ పిండి ఫ్రిజ్జులో ఉందా లేదా. నలభై ఒక్క పనులు లెక్క తేలాయి. తేదీ, బండి కలిపితే నలభై మూడు. అందులో మగవాళ్ళవి రెండు.

ఇది మా ఇంటి పిచ్చి అనుకోకండి. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు ఆ పని మీద గడుపుతున్నారని తేలింది. దాదాపు ఐదు గంటలకు గంటన్నర. మనం ఊరు మారినంత మాత్రాన ఆ లెక్క మారదు. వంటింటిని టెంపో ట్రావెలర్‌లో ఎక్కించుకుని పోతాం, అంతే.

ఇంకో విషయం. ఆడవాళ్ళమే చదువుతున్నాం కాబట్టి చెప్తున్నాను. తేదీ తేల్చేటప్పుడు పత్తిని అడిగారు, పెళ్ళిళ్ళను అడిగారు, బడిని అడిగారు. మా నెలసరి తేదీ ఎవరూ అడగలేదు. నాకు సరిగ్గా ఆ వారమే. మా పాపకు పద్నాలుగేళ్ళు, దానిదీ అటూ ఇటూ అదే వారం. అక్కతో అంటే, "ఒక మాత్ర ఉంటాదిలే, మూడు రోజుల ముందు నుంచి మింగితే చాలు" అనింది. పెళ్ళిళ్ళకు, వ్రతాలకు, మంత్రాలయం పోవడానికి మనం అందరం ఎప్పుడో ఒకప్పుడు మెడికల్ షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకున్న మాత్రే అది. ఆ మందు అందరి ఒంటికీ పడేది కాదు. డాక్టరును అడగకుండా మింగేది అసలే కాదు. సంతోషంగా గడపడానికి పోతూ ఆ సంతోషం కోసం ఒంటిలో వేలు పెట్టుకోవడం ఎందుకు? తేదీని ఒక వారం జరపడానికి ఎన్ని మాటలు కావాలి? నేను లెక్కపెట్టాను, ఒక్క మాట చాలు. "ఆ వారం మాకు కుదరదు" అన్నాను. మా ఆయన ఎందుకని అడగబోయి, నా మొహం చూసి, "సరే, ముందు వారమే పోదాం" అన్నాడు. మే చివరి వారానికి జరిపారు. ఎండ కాస్త ఎక్కువ, అంతే. పదహారేళ్ళ కాపురంలో ఆ మాట నేను అనడం అదే మొదటిసారి. అంత తేలిక అని తెలిసుంటే ఎన్ని మాత్రలు మిగిలేవో!

తర్వాత బట్టల గొడవ. నీళ్ళ ఆటల్లోకి దిగాలంటే నైలాన్, పాలియెస్టర్ లాంటి ఈత బట్టలే వేసుకోవాలి. చీర పనికిరాదు, నూలు చుడీదారు పనికిరాదు. వదులు బట్ట, చున్నీ కొస రైడులో ఎక్కడైనా చిక్కుకుంటే ప్రమాదం కాబట్టి ఆ నియమంలో తప్పేం లేదు. నాకు నవ్వొచ్చింది మాత్రం వేరే సంగతికి. నేను పత్తి ఊరి కోడలిని. పుట్టింది ఎమ్మిగనూరులో, 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊర్లో. మగ్గం చప్పుడు వింటూ పెరిగినదాన్ని. జీవితంలో ఒకసారి నీళ్ళలో ఆడుకుందామంటే నూలు బట్ట మాత్రం పనికిరాదు!

నవ్వు సంగతి అట్లుంచితే, అసలు విషయం ఇక్కడుంది. ఈ నియమం చదవగానే ఇంట్లో అందరూ ఒకే మాట అన్నారు. "అట్లయితే ఆడవాళ్ళు దిగరులే." నియమం అనింది ఫలానా బట్ట వేసుకుని దిగమని. ఇల్లు దాన్ని ఆడవాళ్ళు దిగొద్దని చదువుకుంది. నిండుగా ఒళ్ళు కప్పే పొడుగు చేతుల, పొడుగు కాళ్ళ ఈత బట్టలు ఇప్పుడు అందరికీ దొరుకుతున్నాయి. మా ఆయన నిక్కరు కొనుక్కోవడానికి పది నిమిషాలు పట్టింది. నేను ఒక జత కొనుక్కుంటానంటే మాత్రం ఇంట్లో మూడు రోజులు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికి భయపడే మనం బెంచీ మీద కూర్చుంటాం. మనల్ని ఎవరూ తాళ్ళతో కట్టేయరు. "నాకెందుకులే" అని మనమే పోయి కూర్చుంటాం. దాన్ని త్యాగం అనుకుంటాం. త్యాగమంటే మనకు కావాల్సినదాన్ని తెలిసి వదులుకోవడం. కావాలో వద్దో ఎవరూ అడగకముందే, మనల్ని మనం కూడా అడుక్కోకముందే వదిలేయడం త్యాగం కాదమ్మా, అలవాటు.

ఆ అలవాటు పిల్లలకు ఏం నేర్పుతుందో చూడండి. మా వాడికి తొమ్మిదేళ్ళు. రైడ్ల వీడియోలు చూస్తూ వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడు. "ఇది నాన్న, నేను, అక్క ఎక్కుతాం. అమ్మ ఎక్కదు. అమ్మకు భయం." నాకు భయమని వాడికెవరు చెప్పారు? నేను చెప్పలేదు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరలో పెద్ద రాట్నం మా అమ్మతో కలిసి చిన్నప్పుడు ఎన్నిసార్లు ఎక్కానో నాకే తెలియదు. మా అమ్మ చీర కొంగు బిగించుకుని, ఒక చేత్తో నన్ను, ఇంకో చేత్తో బొరుగుల పొట్లాన్ని పట్టుకుని ఎక్కేది. పైకి పోయినప్పుడు "అదిగో మన ఇల్లు" అని అరిచేది. మరి వాడికి నేను పిరికిదాన్నని ఎట్లా తెలిసింది? ఎప్పుడూ కింద నిలబడి చేయి ఊపే మనిషిని చూసి చూసి వాడు ఆ అర్థం తీసుకున్నాడు.

పాప సంగతి ఇంకా బాధ. ఈ ఏడాది జాతరలో రాట్నం దగ్గర చెప్పులు విప్పాల్సి వచ్చింది. "తమ్ముణ్ణి పోనీ మా, నేను చెప్పులు చూస్తుంటాలే" అనింది. పద్నాలుగేళ్ళ పిల్ల! దాన్ని ఎవరూ అడగలేదు, నేను నేర్పలేదు. నన్ను చూసి నేర్చుకుంది. నా తర్వాత ఆ బెంచీ మీద కూర్చోవడానికి తయారవుతోంది.

ఆ రాత్రే మా ఆయనతో చెప్పాను. "ఏమండీ, ఈసారి నేను సంచుల కాడ కూర్చోను." ఆయన చెడ్డవాడేం కాదు. కాసేపు ఆలోచించి, "దానికేముంది? మా అమ్మ వస్తాది గదా, అమ్మ కూర్చుంటాది. నువ్వు ఎక్కు" అన్నాడు.

ఇక్కడ నిజం చెప్పాలి. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. సమస్య తీరిపోయిందనుకున్నాను. అత్త కూడా పక్క గదిలోంచి, "అవును, నేను కూర్చుంటాలేమ్మా, నేనేం ఎక్కుతా ఈ వయసులో" అనింది. హాయిగా పడుకున్నాను కూడా. మర్నాడు పొద్దున అత్తకు కాఫీ ఇస్తుంటే ఆమె అడిగింది, "ఆడ ఎన్టీఆర్ సినిమాల సెట్టింగులేమైనా ఉంటాయా?" అని. అప్పుడు చెప్పుకొచ్చింది. లవకుశ సినిమా చూడటానికి చిన్నప్పుడు వాళ్ళ ఊరి నుంచి ఆదోనికి ఎద్దుల బండి కట్టుకుని వచ్చారంట. సినిమా అయిపోయినాక తెర వెనక్కు పోయి చూడాలని ఏడ్చిందంట, వాళ్ళంతా తెర వెనకాలే ఉంటారని. "ఆ తెర ఎనక ఏముంటాదో ఇప్పటికీ చూడలేదు" అని నవ్వింది. అరవై ఆరేళ్ళు ఆమెకు.

తెర వెనక ఏముంటుందో చూపించడానికే కట్టిన చోటికి పోతూ, ఆమెను సంచుల దగ్గర కూర్చోబెట్టడానికి నేను రాత్రి ఒప్పుకున్నాను. నా మీద నాకే సిగ్గేసింది. మా ఆయన నన్ను బెంచీ మీద నుంచి లేపలేదు. బెంచీ అట్లాగే ఉంచి, దాని మీద ఇంకో ఆడమనిషిని కూర్చోబెట్టాడు. నేను చప్పట్లు కొట్టాను. మన ఇళ్ళలో చాలా గొడవలు ఇట్లాగే తీరుతాయి. కోడలి బరువు అత్త మీదికి, అత్త బరువు కోడలి మీదికి, ఇద్దరిదీ ఆడపిల్ల మీదికి. బరువు మాత్రం ఆడవాళ్ళ చేతులు దాటి బయటికి పోదు.

బెంచీ అంటే ఒక కథ గుర్తొస్తుంది. అమెరికాలో డిస్నీల్యాండ్ కట్టిన వాల్ట్ డిస్నీ అంతకుముందు తన ఇద్దరు కూతుళ్ళను లాస్ ఏంజిల్స్‌లో గ్రిఫిత్ పార్కుకు తీసుకుపోయేవాడంట. పిల్లలు రంగుల రాట్నం ఎక్కి తిరుగుతుంటే తను బెంచీ మీద కూర్చుని వేరుశనగలు, మన కర్నూలు మాటలో బుడ్డలు, తింటూ ఉండేవాడు. పిల్లలతో పాటు తల్లిదండ్రులు కూడా కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండాలి గదా అన్న ఆలోచన అక్కడే పుట్టిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. 1955 జూలై 17న డిస్నీల్యాండ్ తెరిచాడు. అంటే ఈ థీమ్ పార్కుల ఆలోచనే ఒక బెంచీ మీద పుట్టింది, బెంచీ మీద ఎవరూ ఊరికే కూర్చోకూడదని పుట్టింది. ఒక తండ్రికి బెంచీ మీద విసుగొస్తే కొత్త లోకం తయారైంది. తల్లులు దశాబ్దాలుగా అదే బెంచీ మీద కూర్చున్నా ఏమీ మారలేదు. ఎందుకు? ఆయన విసుగొచ్చిందని చెప్పాడు. మనం "బాగుందిలే, మీరు ఆడుకోండి" అని చెప్పాం.

ఇంక నాకు ఎదురు చెప్పేవాళ్ళ మాటలు కూడా చూద్దాం, వదిలిపెట్టను.

"మరి సంచులు ఎవరు చూడాలి?" ఎవరూ చూడక్కరలేదు. పెద్ద పార్కుల్లో డబ్బు కట్టి సామాను పెట్టుకునే లాకర్లు ఉంటాయి. మా ఆయన లాకర్ సంగతి వినగానే, "దానికి మళ్ళీ దుడ్లు దండగ" అన్నాడు. నా పూర్తి టికెట్టు బెంచీ పాలైతే దండగ కాదు గానీ లాకరు అద్దె దండగా? లాకరు లేని చోట వంతులు వేసుకోవాలి. గడియారం పెట్టుకుని ఒక్కో పెద్దమనిషి అరగంట. బావ కూడా, మా ఆయన కూడా. అరగంట కూర్చుంటే వాళ్ళకూ తెలుస్తుంది, చెప్పులకు కాపలా కాయడం ఎంత వినోదమో.

"నాకు నిజంగానే తల తిరుగుతుంది, నడుం నొప్పి, భయం." అయితే ఎక్కొద్దు. పెద్ద రైడ్ల దగ్గర బోర్డు ఉంటుంది, గర్భవతులు, గుండె జబ్బు, మెడ, వెన్ను సమస్య ఉన్నవాళ్ళు ఎక్కరాదని. దాన్ని చదివి పాటించండి. ఎక్కకపోవడం వేరు, కాపలా కాయడం వేరు. తిరగలేనివాళ్ళు తోటలో తిరగొచ్చు, నీడలో కూర్చుని ఐస్‌క్రీమ్ తినొచ్చు, పక్కన ఒక్క సంచీ లేకుండా. కూర్చోవడం నేరమని నేను అనడం లేదు. మన ఇష్టంతో కూర్చుందాం అంటున్నాను.

"మన కోసిగి, కౌతాళం పక్క నుంచి ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని గుంటూరు పక్క మిరప కోతలకు పోతావుంటే, నీకు రైడ్లు కావాల్సొచ్చెనా?" ఇది మా చిన్నమ్మ మాట. దీనికి నేను కాసేపు జవాబు చెప్పలేకపోయాను. వాళ్ళ కష్టం ముందు నా కోపం చిన్నదే. కానీ ఒకటి గమనించండి. ఈ మాట మా ఆయనకు ఎవరూ చెప్పలేదు, నిక్కరు కొనుక్కున్నప్పుడు కూడా. పేదల కష్టం మనకు గుర్తు చేసేది ఆడమనిషి ఏదైనా అడిగినప్పుడే. అదీగాక, ఆ కోతల్లో కూడా మగవాళ్ళతో సమానంగా వంగి కాయ కోసి, గుడిసెకు వచ్చి వంట చేసేది ఆడవాళ్ళే. నేను బెంచీ మీద నోరు మూసుకుని కూర్చుంటే ఆమె బరువు ఒక్క గంప తగ్గుతుందంటే ఇప్పుడే కూర్చుంటాను.

"అందరి సంతోషంలోనే మన సంతోషం." ఇది నాకు నేనే ఇన్నేళ్ళు చెప్పుకున్న మాట. సగం నిజం. పిల్లలు కేకలు వేస్తుంటే చూడటం సంతోషమే. మరి నేను కేకలు వేస్తే చూసే సంతోషం వాళ్ళకు ఎందుకు లేకుండా చేయాలి?

ఇదంతా ఇంట్లో కూడా చెప్పాను, ఇంత వరసగా కాకపోయినా. అరిచాను, ఒకసారి ఏడ్చాను కూడా. పోయిన ఆదివారం మళ్ళీ అందరం కూర్చున్నాం. ఈసారి నలభై మూడు పనుల కాగితం మధ్యలో పెట్టాను. బావ చదివి, "ఇన్నా?" అన్నాడు. చివరికి ఇట్లా తేలింది.

పొద్దున మూడింటికి లేచి తొమ్మిది మందికి వండేది లేదు. దారిలో కర్నూలులో టిఫిను. పార్కుల్లోకి బయటి తిండి రానివ్వరు గనక అక్కడ మోసుకుపోయేదీ లేదు. ముందురోజు రాత్రికి ఉగ్గాని మా ఆయన చేస్తాడు, బజ్జీలు బావ తెస్తాడు. ఎవరి బట్టలు వాళ్ళు సర్దుకోవాలి, తొమ్మిదేళ్ళ వాడితో సహా. మరిచిపోతే అమ్మ బాధ్యత కాదు. అత్త మాత్రలు ఆమె కొడుకు దగ్గర ఉంటాయి, వేళకు ఆయనే ఇవ్వాలి. లాకరు తీసుకోవాలి, దాని డబ్బు ముందే లెక్కలో రాశాం. ఫిల్మ్ సిటీలో అత్త నడవగలిగినంత మేరకే అందరం నడవాలి, ఆమె చూడాలనుకున్నవి ముందు. వచ్చిన మర్నాడు బట్టలు ఉతకడం మగవాళ్ళ వంతు. ఈ చివరిదానికి బావ గట్టిగా నవ్వాడు. అక్క నవ్వలేదు. అప్పుడు బావ కూడా ఆపేశాడు.

ఇవన్నీ జరుగుతాయా? అన్నీ జరగవని నాకూ తెలుసు. బండి కదిలేసరికి ఎవరో ఒకరు "ఏమే, నా చార్జర్ ఏదీ?" అని నన్నే అడుగుతారు. సగం జరిగినా చాలు. మిగతా సగం వచ్చే ఏడాదికి.

మీరు కూడా ఎక్కడికైనా బయలుదేరేముందు, అది మంత్రాలయమైనా, ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికైనా, హైదరాబాదైనా, ఒక కాగితం తీసుకుని పనులన్నీ రాయండి. ఎవరి పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. కాగితం ఇంటి మధ్యలో పెట్టండి. మీ బదులు అత్తనో, ఆడబిడ్డనో, కూతురినో కూర్చోబెడతామంటే మాత్రం ఒప్పుకోకండి. నేను ఒక రాత్రి ఒప్పుకున్నాను, ఆ సిగ్గు ఇంకా పోలేదు.

నిన్న సాయంత్రం ఈత బట్టలు వచ్చాయి. నాకు ముదురు నీలం, అక్కకు నలుపు, పాపకు ఆకుపచ్చ. తలుపు గడియ పెట్టుకుని వేసుకుని చూసుకున్నాను. నాకే నవ్వొచ్చింది. పాప తలుపు కొడుతోంది, "మా, నేనూ చూస్తా, తీయి" అని. గడియ తీశాను. నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "మా, నువ్వు కూడా దిగుతావా నిజంగా?" అనింది.

"దిగుతా. అత్తకు ఒక టోపీ కూడా ఆర్డరు పెట్టు, ఎండ ఎక్కువ" అన్నాను.